దారిలో ఒక మజిలీ: కాలేజీ బేస్‌బాల్ మైదానం

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మార్చిలో పిల్లల సెలవులకు కారులో అట్లాంటా వెళ్ళి మా ఆడపడుచు కుటుంబాన్ని చూసి రావాలనుకుంటున్నాము. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కూడా మాతో వస్తారు. లిటిల్ లీగ్‌లో ఆడే మా పదకొండేళ్ళ అబ్బాయి, దారిలో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ బేస్‌బాల్ స్టేడియం చూసి తీరాలని పట్టుబట్టాడు. దానికోసం పెద్ద రోడ్డు వదిలి పక్కకు వెళ్ళడం, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని మూడు గంటలు అక్కడ కూర్చోబెట్టడం మావారికి ఇష్టం లేదు. ఇంతకీ అది అంత శ్రమపడి చూడదగ్గ చోటేనా? శాకాహారులైన పెద్దవాళ్ళతో వెళితే ఏమేమి చూసుకోవాలి?
(ఒక పాఠకురాలు, ఫ్రిస్కో)

జవాబు: తప్పక చూడదగ్గ చోటే, కాని ఆట ఉన్న రోజున. ఆట లేని రోజున గేటు ముందు కారు ఆపి, నలుగురూ నిలబడి ఫొటో తీసుకుని వెళ్ళిపోవడానికైతే రెండు గంటలు పక్కకు వెళ్ళనవసరం లేదని మీవారితో నేనూ ఏకీభవిస్తాను. ఖాళీ స్టేడియంలో కనిపించేది పచ్చిక, కుర్చీలు మాత్రమే. ఆట రోజున అక్కడికి ఊరు ఊరంతా కదలి వస్తుంది, చూడవలసినది ఆ ఊరినే. అందుచేత ప్రయాణపు తేదీలు ఖాయం చేసుకున్న తరువాత స్టేడియం సంగతి ఆలోచించడం కాకుండా, ముందు ఆటల పట్టిక చూసి దానికి అనుగుణంగా బయలుదేరే రోజును నిర్ణయించుకోండి.

మీ అబ్బాయి అడిగిన చోటు స్టార్క్‌విల్‌లోని డూడీ నోబుల్ ఫీల్డ్. ఆ ఊరి జనాభా సుమారు పాతికవేలు. 2023 ఏప్రిల్ 15న, అదే రాష్ట్రానికి చెందిన చిరకాల ప్రత్యర్థి ఓల్ మిస్‌తో (మిసిసిపీ విశ్వవిద్యాలయపు వాడుక పేరు అది) జరిగిన ఆటకు ఈ మైదానానికి 16,423 మంది వచ్చారు. ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగిన బేస్‌బాల్ ఆటకు అంతమంది రావడం అమెరికాలో అదే మొదటిసారి. అంతకు ముందున్న రికార్డు కూడా ఈ మైదానానిదే, అదీ ఓల్ మిస్‌తో ఆడిన ఆటకే: 2014లో 15,586 మంది. మన పల్లెల్లో తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం బళ్ళు కట్టుకుని వచ్చినట్లు, ఇక్కడివారు వారాంతానికి కుటుంబాలతో సహా వచ్చి శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఉండిపోతారు. మీ మామగారికి అమెరికాలో ఇప్పటివరకు కనిపించినవి బహుశా దుకాణాలు, హైవేలు, మన వాళ్ళ ఇళ్ళు, గుళ్ళు మాత్రమే అయి ఉంటాయి. తాత, కొడుకు, మనవడు ఒకే వరుసలో కూర్చుని తమ ఊరి పిల్లల ఆట చూస్తున్న దృశ్యం ఆయనకు తప్పక నచ్చుతుంది.

ఆ మైదానంలో ఎడమవైపు కంచె అవతల లెఫ్ట్ ఫీల్డ్ లౌంజ్ అనే చోటు ఉంది. 1960ల చివర కొందరు అభిమానులు తమ పికప్ ట్రక్కులను కంచె వరకు తెచ్చి నిలిపి, వాటి మీదే కుర్చీలు వేసుకుని, పక్కన పొయ్యిలు పెట్టి మాంసం కాల్చుకుంటూ ఆట చూడడం మొదలుపెట్టారు. క్రమంగా ట్రక్కుల స్థానంలో ట్రెయిలర్లు, వాటి మీద చెక్కతో కట్టిన మెట్ల వరుసలు వచ్చాయి. ఒక్కొక్క చోటు ఒక్కొక్క కుటుంబానిదిగా స్థిరపడి, తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించింది. 2019 నాటికి స్టేడియాన్ని పూర్తిగా తిరిగి కట్టినప్పుడు ఆ పాత బళ్ళు పోయి స్థిరమైన వేదికలు వచ్చాయి గాని, వంటలూ కబుర్లూ ఆగలేదు. కొత్తవాళ్ళను, అందులోనూ దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్ళను పలకరించడం ఆ ప్రాంతంలో మర్యాద. ఎవరైనా మీ మామగారిని చేయి ఊపి పిలిచి ఏదైనా తినమంటే ఆయన కంగారు పడనక్కరలేదు. తాము మాంసం తినము అని చెబితే వారు ఏమీ అనుకోరు. కాల్చిన మాంసం వాసన మాత్రం ఆ వైపంతా ఉంటుంది కనుక, మీ అత్తగారికి అది పడకపోతే హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడి ఆడే చోటు) వెనుక ఉన్న సీట్లే కొనండి.

మీ అబ్బాయికి ఇదివరకే తెలిసి ఉండవచ్చు, 2021 జూన్ 30న ఈ జట్టు ఒమాహాలో వాండర్‌బిల్ట్‌ను 9–0తో ఓడించి జాతీయ విజేత అయింది. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో ఏ జట్టు ఆటలోనైనా వచ్చిన తొలి జాతీయ టైటిల్ అది. 1985లో ఇదే జట్టుకు ఆడిన విల్ క్లార్క్, రఫాయెల్ పల్మేరో తరువాత వృత్తి ఆటగాళ్ళ అత్యున్నత పోటీ అయిన మేజర్ లీగ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నారు. పిల్లవాడి చేత ఈ కథలన్నీ కారులో తాతగారికి చెప్పించండి.

ఇక దారి సంగతి. డాలస్ నుంచి ఐ-20 మీద జాక్సన్ దాదాపు 400 మైళ్ళు. అక్కడ పెద్ద రోడ్డు వదిలి 25వ నంబరు రోడ్డు మీద ఈశాన్యంగా వెళితే రెండు గంటల్లో స్టార్క్‌విల్ చేరుకుంటారు. తిరిగి జాక్సన్‌కు రానక్కరలేదు. స్టార్క్‌విల్ నుంచి 82వ నంబరు రోడ్డు మీద టస్కలూసా చేరి, అక్కడ మళ్ళీ ఐ-20 అందుకుని బర్మింగ్‌హామ్ మీదుగా అట్లాంటాకు వెళ్ళవచ్చు. అంటే ఇది మీవారు అనుకున్నంత పెద్ద చుట్టు కాదు, త్రికోణంలో ఒక భుజానికి బదులు రెండు భుజాలు నడిచినట్లు. మొదటి రాత్రి జాక్సన్‌లో గాని విక్స్‌బర్గ్‌లో గాని ఆగి, మరునాడు ఆట చూసి, ఆ రాత్రి స్టార్క్‌విల్‌లోనే ఉండండి. ఆట వారాంతాల్లో అక్కడి హోటళ్ళు ముందే నిండిపోతాయి కనుక గది దొరకకపోతే పాతిక మైళ్ళలోపే ఉన్న కొలంబస్‌లో చూడండి. అట్లాంటా గడియారం ఒక గంట ముందు నడుస్తుందన్న సంగతి ఆడపడుచు ఇంటికి చేరే వేళ చెప్పేటప్పుడు గుర్తుంచుకోండి.

టికెట్లు కొనేముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఆ వారాంతంలో జట్టు సొంత ఊళ్ళో ఆడుతున్నదా, వేరే ఊరు వెళ్ళిందా అన్నది. కాన్ఫరెన్స్ ఆటలు, అంటే ఒకే కూటమిలోని విశ్వవిద్యాలయాల మధ్య జరిగేవి, సాధారణంగా శుక్ర, శని, ఆదివారాల్లో మూడేసి చొప్పున జరుగుతాయి, వాటిలో సగం వారాలు జట్టు బయటే ఉంటుంది. రెండవది వాతావరణం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ దక్షిణాది రాష్ట్రాలలో గాలివానలు, టోర్నడోలు ఎక్కువ. తుఫాను సూచన ఉంటే శనివారం ఆటను శుక్రవారానికి జరిపి, ఒకే రోజు రెండు ఆటలు పెట్టేస్తారు. బయలుదేరే ముందు రాత్రి ఒకసారి, ఆ ఉదయం మరొకసారి ఆట వేళను సరిచూసుకోండి. నేను ఒకసారి ఈ జాగ్రత్త తీసుకోక, పిల్లలను నాలుగు గంటలు కారులో తీసుకువెళ్ళి చివరి రెండు ఇన్నింగ్స్ మాత్రమే చూపించగలిగాను. ఆ రోజు మా చిన్నదాని ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఒకవేళ తేదీలు కుదరకపోతే, లేదా అత్తగారికి రెండు రోజుల ప్రయాణమే భారం అనిపిస్తే, మీ అబ్బాయికి రస్టన్ గురించి చెప్పి చూడండి. లూసియానాలోని ఆ చిన్న ఊరు మీరు ఎలాగూ వెళ్ళే ఐ-20 మీదే, డాలస్‌కు సుమారు నాలుగు గంటల దూరంలో ఉంది. 2019 ఏప్రిల్ 25 తెల్లవారుజామున వచ్చిన టోర్నడో ఆ ఊళ్ళో ఇద్దరి ప్రాణాలు తీసింది, లూసియానా టెక్ విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ మైదానాన్ని నేలమట్టం చేసింది. అదే స్థలంలో స్టేడియాన్ని మళ్ళీ కట్టి 2021 సీజన్‌కు తెరిచారు. ఆ ఏడాది జూన్‌లోనే జాతీయ టోర్నమెంటు తొలి దశ ఆటలు కొన్ని అక్కడ జరిగాయి. నాకు పెద్ద మైదానాల కంటే ఇటువంటివే ఎక్కువ ఇష్టం. జనం తక్కువ, మెట్లు తక్కువ, కారు దిగిన చోటి నుంచి సీటు వరకు నడక తక్కువ, ఆటగాళ్ళు పిల్లలకు చేతికందేంత దగ్గరగా కనిపిస్తారు. స్టార్క్‌విల్‌లో ఒక రాత్రి ఉండగలిగితే అక్కడికే వెళ్ళండి. ఒక్క పూటే మిగిలితే మాత్రం రస్టన్‌లో ఆగడం మేలు.

పెద్దవాళ్ళ విషయంలో ముఖ్యమైనది సీటు. మైదానంలోకి కొట్టిన బంతి అదుపు తప్పి జనంలోకి వస్తే తల పగిలేంత వేగం ఉంటుంది కాబట్టి, వేగంగా తప్పుకోలేని వారిని వల లేని చోట కూర్చోబెట్టకూడదు. హోమ్ ప్లేట్ వెనుక వల ఉన్న వరుసల్లోనే, వెనక్కి ఆనుకునే కుర్చీ ఉన్న సీటు, నడవాకు పక్కనే ఉన్నది కొనండి. మోకాళ్ళ సంగతి ముందుగా ఫోన్ చేసి చెబితే మెట్లు ఎక్కనవసరం లేని వరుసలు చూపిస్తారు, చక్రాల కుర్చీకి కేటాయించిన స్థలాలూ ఉంటాయి. మధ్యాహ్నం ఆటైతే, చాలా మైదానాల్లో మూడో బేస్ వైపు ముందుగా నీడ పడుతుంది. రాత్రి ఆటైతే మార్చిలో చలి తగులుతుంది, శాలువాలు మరచిపోవద్దు. ఈ పెద్ద విశ్వవిద్యాలయాల స్టేడియాలలోకి పారదర్శకమైన సంచిని మాత్రమే అనుమతిస్తారు, సాధారణంగా 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందానికి మించనిది. అత్తగారి చేతిసంచిని కారులోనే ఉంచి, మందులు మాత్రం వెంట తీసుకుని గేటు దగ్గర చూపించండి.

భోజనానికి లోపల దొరికేవి వేరుశనక్కాయలు, పాప్‌కార్న్, ప్రెట్జెల్, చీజు వేసిన నాచోలు వంటివి. వాటితో మన పెద్దవాళ్ళ ఆకలి తీరదు. పులిహోర, పెరుగన్నం తెచ్చుకుని పార్కింగ్ స్థలంలో కారు డిక్కీ తెరిచి తినివెళ్ళండి. అక్కడ చుట్టూ అందరూ చేస్తున్నదీ అదే కనుక మీరు మొహమాటపడవలసిన పని లేదు. ఆటకు ముందు రెండు మూడు గంటలు ఖాళీ ఉంటే, అదే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అమెరికా అంతర్యుద్ధంలో సేనానిగా ఉండి తరువాత దేశాధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ అధ్యక్ష గ్రంథాలయం ఉంది, ఆయన 1863లో ముట్టడించి గెలిచిన విక్స్‌బర్గ్ మీదుగానే మీరు వస్తారు కనుక మీ మామగారికి ఆసక్తిగా ఉంటుంది. విశ్వవిద్యాలయం వారు తమ పాడి నుంచి స్వయంగా తయారు చేసి అమ్మే ఐస్‌క్రీము పిల్లల కోసం.

మూడు గంటలూ కూర్చుని తీరాలన్న నియమం ఏదీ లేదు. గేట్లు తెరవగానే లోపలికి వెళ్ళి బ్యాటింగ్ సాధన చూసి, అయిదారు ఇన్నింగ్స్ తరువాత అత్తగారు అలసిపోతే మీవారు ఆమెను హోటలుకు తీసుకువెళ్ళవచ్చు, అబ్బాయితో తాతగారు, మీరు ఉండిపోవచ్చు. హోటలు దగ్గరలోనే తీసుకోమని చెప్పింది అందుకే.

ప్రశ్న: మేము జూన్ మూడో వారంలో షికాగో నుంచి డెన్వర్‌కు కారులో వెళుతున్నాము. మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. దారిలో ఏదైనా కాలేజీ బేస్‌బాల్ ఆట చూపించాలనుకుంటే, ఆ సమయానికి సీజన్ అయిపోతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, నేపర్‌విల్)

జవాబు: కాలేజీలలో మాత్రం అయిపోతుంది. కాని మీరు వెళ్ళే ఐ-80 సరిగ్గా ఒమాహా మీదుగా పోతుంది, ఆ వారంలో దేశంలోని కాలేజీ బేస్‌బాల్ అంతా అక్కడే ఉంటుంది. 64 జట్లతో మొదలైన టోర్నమెంటులో చివరకు మిగిలిన ఎనిమిది జట్లు జూన్ మధ్యలో ఒమాహాకు చేరతాయి. 1950 నుంచి ఈ ఆటలు ఆ ఊళ్ళోనే జరుగుతున్నాయి. రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి వెళ్ళిపోతుంది, చివరకు మిగిలిన రెండు జట్లు మూడు ఆటల ఫైనల్ ఆడతాయి.

2010 వరకు ఆటలు జరిగిన పాత రోజెన్‌బ్లాట్ స్టేడియం ఇప్పుడు లేదు. 2011 నుంచి ఊరి మధ్యకు దగ్గరగా కట్టిన కొత్త స్టేడియంలో జరుగుతున్నాయి, ఇప్పుడు దాని పేరు చార్లెస్ ష్వాబ్ ఫీల్డ్. దాదాపు 24,000 మంది పడతారు కనుక, తొలి రోజుల ఆటలకు ఔట్‌ఫీల్డ్ వైపు సీట్లు అందుబాటు ధరలో దొరికే అవకాశం ఎక్కువ. బయట, గెలిచిన ఆనందంలో ఒకరినొకరు ఎత్తుకుంటున్న నలుగురు ఆటగాళ్ళ కంచు విగ్రహం ఉంది, పిల్లలందరూ దాని ముందు ఫొటో తీసుకుంటారు. మరునాడు ఉదయం హెన్రీ డోర్లీ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళండి. పాత స్టేడియం దాని పక్కనే ఉండేది. హోమ్ ప్లేట్ ఉన్న చోట పిల్లలు ఆడుకోవడానికి ఒక చిన్న మైదానాన్ని స్మారకంగా నిలిపి ఉంచారు. మీ అమ్మాయి అక్కడ బేసుల చుట్టూ ఒక్కసారి పరుగెత్తవచ్చు. జూన్‌లో నెబ్రాస్కా ఎండ తీవ్రంగా ఉంటుంది, సాయంత్రం ఆటకే టికెట్టు తీసుకోండి.

ప్రశ్న: నేను తెనాలిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ప్రస్తుతం అలబామాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వచ్చే నెల ప్రయాణంలో మా అల్లుడు అందరినీ ఒక కాలేజీ బేస్‌బాల్ ఆటకు తీసుకువెళతానంటున్నాడు. నాకు క్రికెట్ తప్ప మరొకటి తెలియదు. ఏమీ అర్థం కాకుండా కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు. అక్కడ ఏమి చూడాలో దయచేసి చెప్పగలరు.
(ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, క్రికెట్ తెలిసిన వారికి సగం దారి నడిచినట్లే. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. బేస్‌బాల్‌లో పిచర్ (బంతి వేసేవాడు) నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. దూరం దాదాపు అంతే, కాని బంతి నేలను తాకదు, కాబట్టి స్వింగు అంతా గాలిలోనే జరగాలి. బ్యాటర్‌కు చుట్టూ ఆడే స్వేచ్ఛ లేదు. రెండు తెల్లని గీతల మధ్య ఉన్న పావు వంతు మైదానంలోకే కొట్టాలి, వెనక్కి గాని పక్కలకు గాని పోయిన బంతి ఫౌల్ అవుతుంది. మనం ముచ్చటపడే లేట్ కట్, లెగ్ గ్లాన్స్ ఇక్కడ చెల్లవు.

మీరు మొదటి రెండు ఇన్నింగ్స్ స్కోరును పట్టించుకోకుండా పిచర్, బ్యాటర్‌ల మధ్య జరిగే పోరును మాత్రమే చూడండి. హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాళ్ళకు ఛాతీకి మధ్య ఎత్తులో వచ్చిన బంతిని వదిలేసినా, బ్యాటు తిప్పి బంతిని తప్పిపోయినా స్ట్రైక్. మూడు స్ట్రైకులకు ఔట్. ఆ లక్ష్యానికి బయట వేసిన బంతిని బ్యాటర్ వదిలేస్తే బాల్ అంటారు. అవి నాలుగైతే అతడు కొట్టకుండానే మొదటి బేస్‌కు, అంటే పరుగు కోసం వరుసగా చుట్టి రావలసిన మజిలీలలో మొదటిదానికి, నడిచి వెళతాడు. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు ఉన్నప్పుడు ఇద్దరికీ మరొక అవకాశం దాదాపు లేనట్లే. అప్పుడు ఒక్కోసారి స్టేడియం అంతా లేచి నిలబడుతుంది, మీరూ నిలబడండి. ముగ్గురు ఔటైతే జట్టు వంతు ముగుస్తుంది. ఇలా రెండు జట్లకూ తొమ్మిదేసి వంతులు. అందువల్ల క్రికెట్‌లో లాగా ఒకడు రోజంతా పాతుకుపోయి ఆడడం కుదరదు, మిగిలిన ఎనిమిది మంది ఆడిన తరువాతే అతడికి మళ్ళీ బ్యాటు అందుతుంది.

రనౌట్ మీకు బాగా తెలుసు. బ్యాటర్ కొట్టి పరుగెత్తినప్పుడు, అతడికంటే ముందు బంతి మొదటి బేస్‌ను కాలితో తాకి ఉన్న ఫీల్డర్ చేతిలో పడితే చాలు, అతడు ఔట్. బేస్‌కు బేస్‌కు మధ్య 90 అడుగులు. ఆ దూరాన్ని కనుక అటూ ఇటూ అయిదడుగులు మార్చి ఉంటే ఆట పాడయ్యేదని నాకు అనిపిస్తుంది. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) బంతి అందుకుని విసిరే ప్రతిసారీ పరుగు, బంతి దాదాపు ఒకే క్షణంలో చేరతాయి. మరొక సంగతి మీకు తప్పక నచ్చుతుంది: మొదటి బేస్‌లో ఉన్న సహచరుడిని రెండో బేస్‌కు పంపడం కోసం బ్యాటర్ బంతిని కావాలని మెత్తగా ముందు పడేసి, తాను ఔటై వెళ్ళిపోతాడు. దాన్ని శాక్రిఫైస్ అంటారు. అతడు తిరిగి వచ్చేటప్పుడు జట్టంతా మెట్ల దగ్గరకు వచ్చి అతడి చేయి తాకుతుంది. హోమ్ రన్ (మన సిక్సర్ వంటిది) కొట్టినవాడి కంటే అతడిని చూడడమే నాకు ఇష్టం.

కాలేజీ ఆటలో బ్యాట్లు చెక్కవి కావు. 1974 నుంచి లోహపు బ్యాట్లను అనుమతించారు. బంతి మరీ వేగంగా దూసుకుపోయి పిచర్‌కు ప్రమాదం కాకుండా 2011 నుంచి వాటి బలానికి పరిమితి పెట్టారు. కాబట్టి మీకు వినిపించేది టీవీలో మేజర్ లీగ్ ఆటలో వినే చెక్క దెబ్బ కాదు, ఇత్తడి బిందె మీద గరిటెతో కొట్టినట్లుండే ఖంగుమనే శబ్దం. ఆడేవారిలో ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై రెండేళ్ళ మధ్య విద్యార్థులు. మూడో సంవత్సరం పూర్తయిన వారిని జూలైలో వృత్తి జట్లు ఎంచుకుంటాయి గనుక, మంచి పిచర్ ఆడుతున్న రోజున హోమ్ ప్లేట్ వెనుక కొందరు చేతిలో చిన్న యంత్రంతో బంతి వేగం కొలుస్తూ కనిపిస్తారు. మీ అల్లుడు ఇంకా టికెట్లు కొనకపోతే శుక్రవారం ఆటకు కొనమనండి. వారాంతపు మూడు ఆటల్లో జట్లు తమ ఉత్తమ పిచర్‌ను మొదటి రోజే దింపుతాయి, మీవంటి వారికి పరుగుల కంటే ఆ బౌలింగే ఎక్కువ ఆనందాన్నిస్తుంది.

బంతి జనంలోకి వచ్చి మీ మనవడి చేతికి దొరికితే దానిని ఉంచుకోవచ్చునా అన్నది ఒక్కొక్క మైదానంలో ఒక్కొక్క తీరు. కొన్ని కాలేజీలు తిరిగి ఇమ్మంటాయి, పక్కన నిలబడిన సిబ్బందిని అడగండి. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ఆట ఆగి, అందరూ లేచి ఒళ్ళు విరుచుకుని కలిసి పాడతారు. ఎవరికో గౌరవసూచకంగా లేచారేమోనని మీరు కంగారు పడకండి, అది కాళ్ళు సాగదీసుకోవడానికి ఏర్పడిన పాత ఆచారం. టికెట్టుతో పాటు స్కోరు కాగితం అమ్మితే ఒకటి కొని, పెన్సిలు జేబులో పెట్టుకుని వెళ్ళండి. ప్రతి బంతికి ఏమైందో రాసుకునే అలవాటు అక్కడి పెద్దవాళ్ళలో ఇప్పటికీ ఉంది. గుర్తులు తెలియకపోతే పక్క సీటులోని వారిని అడగండి, చాలా సంతోషంగా చెబుతారు.